దవడ కీలు శబ్దం చేస్తున్నవారు స్లీప్ ఆప్నియాకు నోటి పరికరం వాడవచ్చా?

మున్నేరు, ఖమ్మం — ప్రశ్న

అందరికీ నమస్కారం. నా వయసు నలభై ఏడు, ఉద్యోగం బ్యాంకులో. కొన్నేళ్ళుగా నోరు పెద్దగా తెరిచినప్పుడల్లా కుడి చెవి ముందు ‘టక్’మని శబ్దం వస్తోంది. ఆవులించినప్పుడు, దోరజామకాయ కొరికినప్పుడు అది పక్కన కూర్చున్నవారికి కూడా వినిపిస్తుంది. దానికి తోడు ఉదయం లేచేసరికి కణతలు బిగుసుకుపోయి తలనొప్పిగా ఉంటోంది. మా ఊరి దంతవైద్యులు పళ్ళు అరిగిన తీరు చూసి, నేను నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని చెప్పి, పై పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డ్ చేయించుకోమన్నారు.

ఆ పని మొదలుపెట్టేలోపే, గురక మధ్యలో నాకు ఊపిరి ఆగిపోయి కాసేపటికి ఉలిక్కిపడినట్టు మళ్ళీ అందుకుంటోందని భయపడి, మా ఆవిడ నన్ను ఊపిరితిత్తుల వైద్యుల దగ్గరకు తీసుకెళ్ళింది. ఇంట్లోనే చేసే నిద్ర పరీక్షలో ఏహెచ్ఐ (నిద్రలో గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగుతోందో, తగ్గుతోందో తెలిపే సంఖ్య) 22 వచ్చింది, ఆక్సిజన్ ఒక దశలో 82 శాతానికి పడిపోయింది. ఇది మధ్యస్థ స్థాయి స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అని చెప్పి, మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ యంత్రం రాశారు. అద్దెకు తెచ్చి వాడాను గానీ, ముక్కు దిబ్బడ వేయడంతో అర్ధరాత్రి నాకు తెలియకుండానే మాస్కు ఊడదీసి పక్కన పడేస్తున్నాను. ఇప్పుడు హైదరాబాదులో మరో దంతవైద్యులు, కింది దవడను ముందుకు జరిపి పట్టి ఉంచే పరికరం వాడవచ్చని అంటున్నారు.

అసలే శబ్దం చేస్తున్న కీలును రాత్రంతా ముందుకు లాగి ఉంచితే అది మరింత పాడవదా? మొదటి వైద్యులు చెప్పిన నైట్ గార్డ్, రెండో వారు చెప్పిన పరికరం, రెండూ ఒకటేనా, లేక ఒకటి వేసుకుంటే రెండోది అక్కర్లేదా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.


నోటివైద్యం, గుంటూరు

మున్నేరు గారూ, నేను ఓరల్ మెడిసిన్ విభాగంలో పనిచేసే దంతవైద్యుడిని. మీ నోరు చూడకుండా చెబుతున్న మాటలు కనుక వీటిని సలహాగా కాక, మీ వైద్యులను ఏమి అడగాలో తెలుసుకోవడానికి పనికివచ్చే సమాచారంగా తీసుకోండి.

ముందుగా రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే తొందరపడి పొరపాటు జరిగే చోటు అదే. ఆ రెండు పరికరాలూ చూడటానికి ఒకేలా ఉన్నా చేసే పనులు వేరు, ఒక్కోసారి పరస్పరం విరుద్ధం కూడా. నైట్ గార్డ్ అనేది పై పళ్ళ మీద కూర్చునే చదునైన గట్టి పలక. పళ్ళు అరగకుండా కాపాడటం, నమిలే కండరాల మీద భారం కొంత తగ్గించడం దాని పని. అయితే దాని మందం వల్ల నోరు కాస్త తెరుచుకుని ఉంటుంది. నోరు అలా తెరుచుకున్నప్పుడు కింది దవడ తిన్నగా కిందికి దిగదు, కీలు దగ్గర తిరిగి కిందికీ వెనక్కీ వాలుతుంది. దవడతోపాటు నాలుక మొదలు కూడా గొంతు వైపు జరుగుతుంది. వెల్లకిలా పడుకున్న స్లీప్ ఆప్నియా రోగికి అసలే ఇరుకైన దారి మరింత ఇరుకవుతుంది. 2004లో మాంట్రియల్ పరిశోధకులు స్లీప్ ఆప్నియా ఉన్న పదిమందికి ఇలాంటి పై పలక తొడిగి నిద్ర పరీక్ష చేస్తే, వారిలో సగం మందికి శ్వాస అంతరాయాలు యాభై శాతానికి మించి పెరిగాయి. పదిమందితో చేసిన చిన్న అధ్యయనం కాబట్టి అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పలేం. కానీ గురక, పగటి నిద్రమత్తు, ఉదయపు తలనొప్పి ఉన్న మనిషికి ఊపిరి సంగతి అడగకుండా నైట్ గార్డ్ చేసి ఇవ్వకూడదని చెప్పడానికి అది చాలు. మా వృత్తిలో ఈ ప్రశ్న ఇప్పటికీ అడగవలసినంతగా అడగడం లేదన్నది నా అభిప్రాయం. మీ విషయంలో పరీక్ష ముందే జరగడం మంచిదైంది. ఆప్నియాకు చికిత్స లేకుండా నైట్ గార్డ్ ఒక్కటే వేసుకోవద్దు.

ఇక రెండోది. వైద్యులు దీన్ని ‘మ్యాడ్’ అని పిలుస్తారు. పై పళ్ళకు ఒకటి, కింది పళ్ళకు ఒకటి చొప్పున రెండు తొడుగులు ఉంటాయి. వాటిని కలిపే మరలు, పట్టీలు లేదా రెక్కలు కింది దవడను ముందుకు పట్టి ఉంచుతాయి. దవడ ముందుకు వస్తే నాలుకా, దాని వెనుక ఉన్న మెత్తని కణజాలమూ గొంతు గోడ నుండి దూరంగా జరుగుతాయి, గాలిదారి ముఖ్యంగా పక్కలకు వెడల్పు అవుతుంది. ఎంత ముందుకు అన్నది ఊహించి పెట్టేది కాదు. మీరు కింది దవడను పూర్తిగా వెనక్కి, పూర్తిగా ముందుకు కదిపినప్పుడు మధ్య దూరం ఎన్ని మిల్లీమీటర్లో కొలతబద్ద ఉన్న చిన్న ఫోర్కు లాంటి గేజ్‌తో చూస్తారు. సాధారణంగా ఆ దూరంలో సగం దగ్గర మొదలుపెట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా జరుపుతూ వెళతారు. చాలామందికి సగం నుండి ముప్పావు వంతు లోపలే ఫలితం కనిపిస్తుంది. అంతకు మించి లాగినకొద్దీ లాభం తగ్గి, నొప్పి పెరుగుతుంది.

ఇప్పుడు మీ అసలు భయం. దవడ కీలులో ఎముక గుండుకూ, పుర్రెలోని గుంతకూ మధ్య ఒక చిన్న మెత్తని బిళ్ళ ఉంటుంది, దాన్ని డిస్క్ అంటాం. కొందరిలో అది తన చోటు నుండి ముందుకు జారి ఉంటుంది. నోరు తెరిచినప్పుడు ఎముక గుండు దాని మీదికి ఎక్కుతుంది, ఆ ఎక్కే క్షణంలో వచ్చేదే మీరు వింటున్న ‘టక్’. నొప్పి లేకుండా, నోరు పూర్తిగా తెరుచుకుంటూ శబ్దం ఒక్కటే ఉంటే దానికి చికిత్స అక్కర్లేదు, నోటి పరికరానికీ అది అడ్డు కాదు. పైగా దవడ ముందుకు వచ్చిన స్థితిలో ఎముక గుండు చాలాసార్లు ఆ బిళ్ళ మీదే నిలుస్తుంది కాబట్టి, పరికరం పెట్టుకున్నంతసేపూ కొందరికి శబ్దమే ఉండదు. దానివల్ల కీలు నయమైందని మాత్రం అనుకోకూడదు, తీసేశాక శబ్దం తిరిగి వస్తుంది.

అడ్డు అయ్యేవి వేరే ఉన్నాయి. నోరు అకస్మాత్తుగా రెండు వేళ్ళ వెడల్పుకు మించి తెరుచుకోకపోవడం, తెరిచేటప్పుడు దవడ ఒక పక్కకు వంకరపోవడం, చెవి ముందు వేలితో నొక్కితే కళ్ళలో నీళ్ళు తిరిగేంత నొప్పి రావడం, దవడను ముందుకు చాచితే నాలుగైదు మిల్లీమీటర్లు కూడా కదలకపోవడం. వీటిలో ఏది ఉన్నా ముందు కీలుకు వైద్యం చేసి, అది నెమ్మదించాకే పరికరం సంగతి చూడాలి. మామూలుగా పెద్దవారి నోరు 40 మిల్లీమీటర్లు, లేదా అంతకన్నా ఎక్కువే తెరుచుకోవాలి. మీ మూడు వేళ్ళు నిలువుగా పై, కింది ముందు పళ్ళ మధ్య పడితే ఇంచుమించు సరిపోయినట్టే. ఇవి కాక, తొడుగు పట్టుకోవడానికి రెండు దవడల్లోనూ కనీసం ఎనిమిది పదేసి గట్టి పళ్ళు కావాలి, చిగుళ్ళ జబ్బు వల్ల కదిలే పళ్ళు ఉండకూడదు.

మీ ఉదయపు తలనొప్పికి కారణం పళ్ళు కొరకడమా, రాత్రి ఊపిరి ఆగడమా అన్నది ఇప్పుడే తేల్చలేం, రెండూ కావచ్చు. ఊపిరి ఆగి మెదడు మేలుకున్న ఆ క్షణాల్లోనే దవడ కండరాలు బిగుసుకోవడం కొందరి నిద్ర పరీక్షల్లో కనిపిస్తుంది. అలాంటివారిలో శ్వాస సరిపడితే కొరకడం కూడా తగ్గవచ్చు.


గోదారిగట్టు, రాజమండ్రి

నాకు కూడా ఇదే శబ్దం, ఇదే తలనొప్పి ఉండేవి. కాటు, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు, సరిగ్గా లేకపోవడమే దవడ కీలు జబ్బుకు మూలమని మా దంతవైద్యులు చెప్పి, ఎత్తుగా తగులుతున్న పళ్ళను కాస్త కాస్త అరగదీసి సరిచేశారు. తరువాత రెండు క్యాపులు కూడా వేశారు. నాకు నొప్పి పూర్తిగా పోయింది. అందుచేత ముందు కాటు సరిచేయించుకుంటే కీలు, నిద్ర రెండూ బాగుపడతాయని నా నమ్మకం.


నోటివైద్యం, గుంటూరు

గోదారిగట్టు గారూ, మీకు నొప్పి తగ్గినందుకు సంతోషం. కానీ దాన్ని బట్టి మున్నేరు గారికి పళ్ళు అరగదీయించుకోమని చెప్పడం సరికాదు. వెనుక పళ్ళు పోయి కాటు దెబ్బతినడం వల్లే చెవి, దవడ బాధలు వస్తాయన్న వాదాన్ని 1934లో సెయింట్ లూయిస్‌కు చెందిన కాస్టెన్ అనే చెవి ముక్కు గొంతు వైద్యుడు పదకొండు మంది రోగులను చూసి ప్రతిపాదించారు. చాలాకాలం దంతవైద్యం ఆ దారిలోనే నడిచింది. తరువాతి పరిశోధనలు దాన్ని బలపరచలేదు. పళ్ళు అరగదీయడం కీలు నొప్పిని తగ్గిస్తుందనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదు, మరోవైపు దవడ కీలు నొప్పి వచ్చినవారిలో ఎక్కువమందికి కాలక్రమంలో, తేలికపాటి జాగ్రత్తలతోనే తగ్గుతుంది. మీ పళ్ళు అరగదీసిన సమయంలో ఆ రెండో సంగతే జరిగి ఉండే అవకాశం ఎక్కువ. అరగదీసిన ఎనామెల్ మాత్రం తిరిగి రాదు.

దీర్ఘకాలంగా ఉన్న దవడ కీలు నొప్పి గురించి 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో దవడ వ్యాయామాలు, కండరాల గట్టి ముడులను చేత్తో వదులు చేయడం, నొప్పిని తట్టుకునే మానసిక శిక్షణ వంటి వాటినే గట్టిగా సిఫారసు చేశాయి. తీసి పెట్టుకునే పలకల విషయంలో కూడా అంత ఉత్సాహం చూపలేదు, కాటును శాశ్వతంగా మార్చే పద్ధతులను వద్దనే చెప్పాయి. పలకల గురించి వారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవించను, ఎందుకంటే పళ్ళు కొరికేవారిలో పళ్ళను కాపాడటం కూడా ఒక ప్రయోజనమే కదా. కాటు జోలికి పోవద్దన్న మాటతో మాత్రం నాకు పేచీ లేదు. కాటు సరిచేస్తే ఆప్నియా తగ్గుతుందనడానికి అసలు ఆధారమే లేదు.


శ్వాస, విశాఖపట్నం

నేను ఊపిరితిత్తుల వైద్యుడిని, నిద్ర పరీక్షలు చూస్తుంటాను. దవడ సంగతి పైన వివరంగానే వచ్చింది కనుక మిగతా సగం నేను చెబుతాను.

నిద్రలో పది సెకన్లు, లేదా అంతకన్నా ఎక్కువసేపు శ్వాస ఆగడం, లేదా బాగా తగ్గడం గంటకు ఎన్నిసార్లు జరుగుతోందో తెలిపే సంఖ్య ఏహెచ్ఐ. ఐదు నుండి పదిహేను దాకా స్వల్పం, ముప్పై దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. మున్నేరు గారి 22 మధ్యస్థమే గానీ, ఆక్సిజన్ 82కు పడటం నాకు నచ్చలేదు. ఇంట్లో చేసే పరీక్షలో మెదడు తరంగాలు నమోదు కావు, అందువల్ల అది లెక్కించేది నిద్రపోయిన గంటలను కాక పరికరం పనిచేసిన గంటలను. మెలకువగా ఉన్న సమయం కూడా అందులో కలిసిపోయి, అసలు సంఖ్య నివేదికలో కనిపించినదానికన్నా ఎక్కువే కావచ్చు. నివేదికలో వెల్లకిలా పడుకున్నప్పుడు ఎంత, పక్కకు తిరిగినప్పుడు ఎంత అని విడిగా రాసి ఉంటుంది, ఒకసారి చూడండి. వెల్లకిలా ఉన్నప్పుడే ఎక్కువగా ఉంటే నోటి పరికరానికి స్పందించే అవకాశం మెరుగు.

నోటి పరికరం వద్దని నేను అనను. స్లీప్ ఆప్నియాపై భారత్‌లో 2014లో వెలువడిన ఇనోసా మార్గదర్శకాలూ, అమెరికా నిద్ర వైద్యులూ, దంత నిద్ర వైద్యులూ కలిసి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలూ సీప్యాప్ తట్టుకోలేనివారికి, లేదా వద్దనుకునేవారికి దీన్ని అంగీకరించాయి. 2013లో ఆస్ట్రేలియాలో మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవారికి నెల చొప్పున రెండూ వాడించి చూశారు. శ్వాస అంతరాయాలను సీప్యాప్ ఎక్కువగా తగ్గించింది, నోటి పరికరాన్ని రోగులు రాత్రికి ఎక్కువ గంటలు పెట్టుకున్నారు, చివరికి రక్తపోటులోగానీ పగటి మత్తులోగానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గొప్ప యంత్రమైనా బీరువాలో ఉంటే పనిచేయదు కదా.

అయినా సీప్యాప్‌కు ఇంకో అవకాశం ఇవ్వమని అడుగుతాను. మీ సమస్య యంత్రంతో కాదు, ముక్కుతో ఉన్నట్టుంది. ముక్కులో ఎలర్జీ వాపు, దూలం వంకర వంటివి ఉన్నాయేమో చూపించుకుని, అవసరమైతే స్ప్రే వాడి, యంత్రానికి వేడి చేసిన తేమ అందించే గిన్నె జత చేసి, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఉండే చిన్న మాస్కు ప్రయత్నిస్తే, మాస్కు వదిలేసిన వారిలో కొందరు మళ్ళీ అలవాటు పడటం నేను చూశాను. ఇంకో సంగతి, ముక్కు మూసుకుపోయి ఉంటే నోటి పరికరం కూడా సరిగ్గా పనిచేయదు. కాబట్టి ముక్కుకు చేసే వైద్యం ఏ దారిలో వెళ్ళినా వృథా పోదు.

నోటి పరికరం ఎంచుకుంటే ఒక షరతు. దవడను జరపడం పూర్తయ్యాక, పరికరం నోట్లో ఉండగా నిద్ర పరీక్ష మళ్ళీ చేయించాలి. గురక తగ్గిందని ఇంట్లోవారు చెప్పడం సరిపోదు, గురక ఆగిపోయినా ఆప్నియా మిగిలి ఉండే వారున్నారు. ఇది వాడినవారిలో ఇంచుమించు మూడో వంతు మందికి ఏహెచ్ఐ ఐదు కన్నా తగ్గుతుంది, మరికొందరికి సగానికి వస్తుంది, ఇంకొందరికి పెద్దగా మార్పు రాదు. ఎవరు ఏ వర్గంలోకి వస్తారో ముందుగా కచ్చితంగా చెప్పే పరీక్ష లేదు. మన దగ్గర ఈ రెండో పరీక్షే తరచూ వదిలేస్తున్నారు. బరువు ఎక్కువగా ఉంటే అది కూడా చూసుకోండి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్ళ తరబడి సాగిన అధ్యయనంలో పది శాతం బరువు పెరిగినవారికి ఏహెచ్ఐ సుమారు 32 శాతం పెరిగింది, పది శాతం తగ్గినవారికి సుమారు 26 శాతం తగ్గింది. పగలు బండి నడుపుతూ కునుకు పడుతుంటే మాత్రం, చికిత్స కుదురుకునే దాకా బండి ఇంకొకరికి ఇవ్వండి.


సూదిదారం, విజయవాడ

డాక్టర్లు చెప్పని కొన్ని సంగతులు వాడుతున్న మనిషిగా చెబుతానండి. నేను బట్టలు కుట్టే పనిలో ఉన్నాను. కొన్నేళ్ళ నుంచీ మ్యాడ్ పెట్టుకునే పడుకుంటున్నాను. నాకు కూడా ఎడమ పక్క దవడ శబ్దం ముందు నుంచీ ఉంది.

మొదట్లో దిండు తడిసిపోయేంత లాలాజలం కారేది, తరువాత అదే తగ్గింది. తొడుగుకు రెండు పక్కలా చిన్న మరలు ఉంటాయి, పిన్ను లాంటి తాళంచెవితో బాణం గుర్తు వైపు తిప్పాలి. ఎప్పుడు, ఎంత తిప్పాలో డాక్టరు గారు కాగితం మీద రాసిచ్చారు. రెండు పక్కలా సమానంగా తిప్పకపోతే ఒక పక్క కీలు మీదే భారం పడుతుంది కాబట్టి, తిప్పినప్పుడల్లా తేదీ వేసి క్యాలెండరు మీద గీత పెట్టుకునేదాన్ని. త్వరగా తగ్గుతుందని నేనే ఎక్కువ తిప్పేసుకుంటే ఏమవుతుందని అడిగితే, దవడ అరుస్తుందని ఆయన నవ్వారు.

ఉదయం తీయగానే కాసేపు వెనుక పళ్ళు ఆనవు, ముందు పళ్ళే తగులుతాయి. దీనికోసం ఇంకో చిన్న అచ్చు ఇచ్చారు. అది పళ్ళ మధ్య పెట్టుకుని మెల్లగా కొరికి పట్టుకుంటే దవడ పాత చోటుకు వస్తుంది. నేను ముఖం కడుక్కుని, పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు ఆ పని చేసుకుంటాను. పని ఎక్కువై కొంతకాలం ఆ అచ్చు పెట్టుకోవడం మానేశాను. ఆ తరువాత చూసుకుంటే పై పళ్ళు, కింది పళ్ళు ముందు భాగంలో అంచుకు అంచు తగులుతున్నాయి. దారం కొరకడానికి అది హాయిగానే ఉంది గానీ, వెనుక పళ్ళతో జంతికలు నమలాలంటే మునుపటిలా నలగడం లేదు. కొలిచి చూసి, పళ్ళు కొద్దిగా జరిగాయని, ఏళ్ళ తరబడి వాడేవారిలో ఇది మామూలేనని, కానీ ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి తప్పక వచ్చి చూపించుకోవాలని చెప్పారు. ఊపిరి ఆగడం కన్నా ఇది నయమని నేను వాడుతూనే ఉన్నాను. ఇది ముందే తెలిసి మొదలుపెడితే మంచిదని చెబుతున్నాను.

వేడినీళ్ళతో కడగకండి, ఆకారం పోతుంది. పళ్ళపొడి, పేస్టు వేసి రుద్దితే గీతలు పడి వాసన పడుతుంది. మెత్తని బ్రష్షు, చల్లటి నీళ్ళు, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క చాలు. మే నెలలో కిటికీ దగ్గర ఎండ తగిలేలా డబ్బా పెట్టకండి.


ఎడిసన్ తెలుగు, న్యూజెర్సీ

ఇక్కడ ఉన్న మనవాళ్ళకు పనికివస్తుందని రాస్తున్నాను. అమెరికాలో ఈ పరికరాన్ని దంత బీమా కాక వైద్య బీమా భరిస్తుంది. మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ వైద్య బీమా) అయితే ఏహెచ్ఐ 15, లేదా అంతకు మించి ఉంటే, లేదా 5 నుండి 14 మధ్య ఉండి పగటి నిద్రమత్తు, రక్తపోటు వంటివి తోడైతే అంగీకరిస్తుంది, 30 దాటితే సీప్యాప్ పడలేదని, లేదా పనికిరాదని వైద్యులు రాసివ్వాలి. పరికరం తయారుచేయించేది దంతవైద్యులే అయినా, ముందుగా మిమ్మల్ని చూసి చీటీ రాయవలసింది వైద్యులు. ఈ వరస తప్పితే డబ్బు రాదు.

ఒక హెచ్చరిక కూడా. పెద్దవారి దవడ ఎముకనే పెంచి, ఆప్నియానూ దవడ కీలు నొప్పినీ రెండింటినీ నయం చేస్తామని అంగిట్లో స్థిరంగా బిగించే కొన్ని పరికరాలను ఇక్కడ అమ్మారు. వాటివల్ల పళ్ళు వంగిపోవడం, పళ్ళ వేర్లు బయటపడటం, ఎముక అరిగిపోవడం, చివరికి పళ్ళు పోవడం వంటి ఫిర్యాదులు వచ్చాయని, వాటిని పరిశీలిస్తున్నామని 2023 మార్చిలో ఇక్కడి ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. రాత్రి పెట్టుకుని ఉదయం తీసేసే మ్యాడ్‌కూ వీటికీ సంబంధం లేదు. కానీ రెండూ ఒకే రకం ప్రకటనల్లో కనిపిస్తాయి కాబట్టి, సంతకం చేసే ముందు పరికరం తీసి పెట్టుకునేదా, బిగించేదా అని అడగండి.


మున్నేరు, ఖమ్మం

అందరికీ ధన్యవాదాలు. మూడు వేళ్ళు పడుతున్నాయి, నొక్కితే కొద్దిగా నొప్పి ఉంది గానీ భరించలేనంత కాదు. నివేదికలో వెల్లకిలా ఉన్నప్పుడు 34, పక్కకు తిరిగినప్పుడు 11 అని ఉంది. ముందు ముక్కు చూపించుకుంటాను. ఆన్‌లైన్‌లో వేడినీళ్ళలో ముంచి కొరికి అచ్చు వేసుకునే పరికరాలు చవకగా దొరుకుతున్నాయి, పడుతుందో లేదో చూడటానికి ముందు అది వాడి చూడవచ్చా? ఇంకొకటి, పళ్ళు కొరకడం ఆగకపోతే మ్యాడ్ మీద మళ్ళీ నైట్ గార్డ్ కావాలా?


నోటివైద్యం, గుంటూరు

మీ అంకెల్లో తేడా స్పష్టంగా ఉంది, వెల్లకిలా ఉన్నప్పుడే ఎక్కువగా ఉంటుందని శ్వాస గారు చెప్పినవారిలోకి మీరు వస్తారు. పక్కకు తిరిగి పడుకునే ఏర్పాటు, అంటే వీపు వెనుక గట్టి దిండు, ఈ రోజు నుండే మొదలుపెట్టవచ్చు.

వేడినీళ్ళ అచ్చు మీకు వద్దు. అది పళ్ళను గట్టిగా పట్టుకోక నిద్రలో జారిపోతుంది, దవడను కొద్దికొద్దిగా జరిపే వీలు చాలావాటిలో ఉండదు, మందం ఎక్కువ కావడంతో నోరు ఎక్కువగా తెరుచుకుంటుంది. దానితో ఫలితం రాకపోతే మంచి పరికరం కూడా పనిచేయదని అనుకుని మీరు మానేసే ప్రమాదం ఉంది. ఖర్చు బరువనిపిస్తే హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోగానీ, విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోగానీ ఓరల్ మెడిసిన్ (నోటి జబ్బులు), ప్రోస్తోడాంటిక్స్ (కట్టుడు పళ్ళు) విభాగాల్లో అడిగి చూడండి. దవడ కీలు పరీక్ష అయినా తక్కువ ఖర్చులో సరిగ్గా జరుగుతుంది.

మ్యాడ్ మీద నైట్ గార్డ్ అక్కర్లేదు. రెండు దవడలకూ తొడుగులు ఉంటాయి కనుక పళ్ళకు రక్షణ అదే ఇస్తుంది. అయితే పళ్ళు కొరికే అలవాటు ఉందని దంతవైద్యులకు ముందే చెప్పండి. అలాంటివారికి దవడ పక్కలకు కాస్త కదిలే వీలున్న, గట్టి పదార్థంతో చేసిన రకం ఎంచుకోవాలి. కదలనివ్వని రకమైతే కొరికినప్పుడల్లా కీలు మీద ఒత్తిడి పడుతుంది, లేదా మరలే విరుగుతాయి. అచ్చు తీసే రోజున నోరు ఎంత తెరుచుకుంటోంది, ముందుకు ఎంత వస్తోంది, ఎక్కడ నొక్కితే నొప్పి అన్న మూడింటినీ రాయించి, మామూలు కాటుకు ఫోటోలూ ఒక నమూనా అచ్చూ తీయించి దాచుకోండి. రెండేళ్ళ తరువాత పళ్ళు జరిగాయో లేదో తేల్చడానికి అవే ఆధారం.

మొదటి వారాల్లో ఉదయం దవడ పట్టేసినట్టు ఉండి, టిఫిను వేళకు తగ్గిపోతే మామూలే. వేడి కాపడం, మెత్తని తిండి, దవడను మెల్లగా పక్కలకు కదిపే వ్యాయామం సరిపోతాయి. మధ్యాహ్నం దాకా నొప్పి నిలిచినా, నోరు తెరుచుకోవడం తగ్గినా ఇక ముందుకు జరపడం ఆపి, ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి తిప్పించుకోండి. నోరు బిగుసుకుపోతే ఆ రాత్రి పరికరం పెట్టుకోకుండా, మరునాడు చూపించుకోండి. ఆ రోజుల్లో పక్కకు తిరిగే పడుకోండి, అద్దెకు తెచ్చిన యంత్రం ఇంకా వాపసు ఇవ్వకపోతే దాన్నే వాడండి.